పొగమంచు మీద ఫిర్యాదు

"కింద సంతకం లేదు," అన్నాడు ఫాంగ్, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుంటూ. "ఆకాశరామన్న ఉత్తరం. చదవమంటావా?"

యావో వెన్‌తాంగ్ తలూపాడు. ఆ ఉత్తరంలో ప్రతి అక్షరమూ అతనికి తెలుసు. అయిదు రోజుల క్రితం, స్టూడియోలో ఎవరూ లేని మధ్యాహ్నం పూట, డార్క్‌రూమ్ బల్ల మీద కాగితం పరుచుకుని ఎడమచేత్తో రాసింది అతనే.

సాంస్కృతిక కేంద్రం అధికారి ఫాంగ్ గొంతు సవరించుకుని చదివాడు. "'రాష్ట్ర ప్రదర్శనకు మన ఊరి తరఫున ఎంపికైన నలుపు తెలుపు చిత్రం బావో జిన్‌మే తీసినది కాదు. ఆమె కొండ మీద మెట్లు ఊడ్చే మనిషి. తన పేరు తను రాసుకోలేదు. కెమెరా పట్టుకోవడం ఎరుగదు. కొండకు వచ్చిన యాత్రికులెవరో తీసినది అయి ఉండాలి. లేదా రెండు నెగటివ్‌లు కలిపి కల్పించినది అయి ఉండాలి. నెగటివ్ అంచున వెంట్రుకంత గీత ఉన్నది. విచారించగలరు.'" కాగితం మడిచి బల్ల మీద పెట్టాడు. "ఏమంటావు?"

"నేనేమంటాను? కడిగి అచ్చు వేశాను. ఎవరు తీశారో నేను చూడలేదు కదా."

"అదే నా బాధ కూడా. కొండ మీదికి ఫోన్ చేసి ఆ అమ్మాయికి ఉత్తరం వినిపించాను. తన మీదొచ్చిన ఫిర్యాదు తనకి తెలియాలి కదా. రెండోసారి చదవమంది. చదివాను. 'సరేనండి' అని ఫోన్ పెట్టేసింది." ఫాంగ్ టీ గ్లాసు మూత తీసి ఆకుల్ని ఒక పక్కకి ఊదాడు. "ఫొటోల గురించి ఈ ఊళ్లో నీకన్నా తెలిసినవాళ్లెవరు? నువ్వే కొండెక్కి విచారించి రా. ఆమెది కాదని తేలితే దాని స్థానంలో నీ 'కొంగమెడ శిఖరం' వెళుతుంది. వరసలో తర్వాతి బొమ్మ నీదే."

ఆ మాట యావోకు తెలియదు. ఉత్తరం రాసేటప్పుడు అంతదాకా ఆలోచించలేదు. టీ తాగబోయి, పెదవి కాలి, గ్లాసు కింద పెట్టేశాడు.

హువాంగ్‌షాన్ కొండ మెట్లు అతను ఎక్కిన పొద్దున తడిగా ఉన్నాయి. యావో భుజం సంచిలో అతని కెమెరా, వార్తాపత్రికలో చుట్టిన ఆ ఫొటో ఉన్నాయి. వెదురు కావళ్ల మీద బియ్యం బస్తాలూ గ్యాసు బండలూ మోసుకెళ్తున్న కూలీలు "తప్పుకో పెద్దాయనా, తప్పుకో!" అని అరిచినప్పుడల్లా రాతికి అతుక్కుని నిలబడేవాడు. వాళ్లు దాటిపోయాక ఫొటో బయటికి తీసి, ఎదురుగా ఉన్న కొండల మీద పెట్టి చూసుకునేవాడు. ప్రతి మలుపులోనూ అదే పని. ఎక్కడా కలవలేదు.

బొమ్మలో కింది సగమంతా పొంగబోయే పాలలాంటి పొగమంచు. ఎడమవైపు నల్లటి రాతి భుజం ఒకటి ముందుకి ఒరిగి ఉంది. దాని కొస మీద ఒంటి దేవదారు. మధ్యలో శిఖరం మొదలూ చివరా లేకుండా, నేలతో పని లేనట్టు తేలుతోంది. అచ్చు వేసిన రోజు డార్క్‌రూమ్ ఎర్రదీపం వెలుగులో, ట్రేలోని మందునీళ్ల అడుగునుంచి ఆ శిఖరం మెల్లగా నల్లబడుతూ పైకి వస్తుంటే యావో ఊపిరి బిగబట్టాడు. కాగితాన్ని పట్టుకారుతో ఎత్తి పట్టుకున్నప్పుడు గాని అది తను తీసిన బొమ్మ కాదని గుర్తు రాలేదు. ఈ కొండ మీద తనకు తెలియని చోటు లేదు. బొమ్మలోని చోటు తనకు తెలియదు. అంటే అలాంటి చోటే లేదు. ఆ లెక్కలో తప్పెక్కడుందో అతనికి కనిపించలేదు.

"మాస్టారూ, ఆ మెట్టు జారుతుంది. పక్కది తొక్కండి."

పై మలుపులో ఒక ఆడమనిషి వెదురు చీపురు పట్టుకుని నిలబడి ఉంది. ముప్పై అయిదేళ్లుంటాయి. దూది కోటు మోచేతుల దగ్గర వేరే రంగు గుడ్డతో కుట్టి ఉంది. వీపున బుట్ట, నడుముకి ఇనప పట్టుకారు.

"జిన్‌మేవి నువ్వేనా? నన్నెరుగుదువా?"

"మిమ్మల్ని ఎరగనిదెవరండీ? పైన అతిథిగృహం గోడకి మీ కొంగమెడ ఫొటోనే కదా ఉంది. రోజూ దాని దుమ్ము దులిపేది నేనే."

అది గౌరవమో ఎత్తిపొడుపో యావోకు తేలలేదు. ఆమె మొహం చూస్తే మెట్ల మీద ఆకుల్ని చూస్తున్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

"ఈ ఫొటో ఎక్కడినుంచి తీశావు?"

"చూపిస్తాను. ఇవాళ కుదరదు."

"ఎందుకు కుదరదు?"

"ఇవాళ మూడు బస్సుల జనం ఎక్కారు. నారింజల కాలం కూడానూ. వాళ్ల వెనకాల తిరగాలి నేను."

యావో జేబులోంచి చిన్న పుస్తకం తీసి, "చోటు చూపడం వాయిదా వేసింది" అని రాసుకున్నాడు. ఆమె అతని పెన్ను కదలికనే చూస్తోంది.

"కెమెరాలో వెలుతురు అంకె దేని మీద పెట్టి తీశావు?"

"ఎనిమిది మీద పెట్టి ఉంచాడు వంటింటి లూ అన్న. కదపొద్దన్నాడు. నేను కదపలేదు."

"మరి వెలుతురు చాలకపోతే?"

"చాలేదాకా ఆగుతా."

"ఏమీ తెలియదు," అని రాసుకున్నాడు యావో. పుస్తకం మూసి ఇంకా నాలుగు మెట్లు ఎక్కాక, ఎందుకో వెనక్కి తిరిగి చూశాడు. జిన్‌మే ఊడవడం లేదు. చీపురు కర్ర మీద రెండు చేతులూ ఆనించి అతన్నే చూస్తోంది.

అతిథిగృహం వంటవాడు లూ మూకుట్లో టోఫు ముక్కలు వేయిస్తున్నాడు. వాటి మీద కావాలని పట్టించిన తెల్లటి బూజు నూనెలో పడగానే చుయ్యిమని ముడుచుకుపోతోంది.

"రావయ్యా, విచారణాధికారీ!" అన్నాడు తల తిప్పకుండానే. "ఆ పిల్ల ఫొటో పడిపోతే నీదే వెళ్తుందట కదా. భలే! దొంగ చేతికే తాళం చెవులిచ్చాడు మీ ఫాంగు."

"నీకెవరు చెప్పారు?"

"ఫోన్ నా వంటింట్లోనే ఉంది. ఈ కొండ మీద ఎవరికి దగ్గొచ్చినా ముందు నాకే తెలుస్తుంది."

యావో బల్ల దగ్గర కూర్చున్నాడు. కోపం చూపిస్తే లోకువవుతానని ఊరుకున్నాడు. "కెమెరా నీదేగా. ఒకసారి చూపించు."

లూ చేతులు తుడుచుకుని బీరువాలోంచి పాత రెండు కళ్ల కెమెరా తీసి ఇచ్చాడు. పైనుంచి వంగి చూసే రకం. తోలు తొడుగుకి నూనె వాసన పట్టింది. యావో మూత తెరిచి చూశాడు. అద్దం శుభ్రంగా ఉంది. రీలు మీట తిప్పి చూశాడు. వెలుతురు అంకె ఎనిమిది మీదే ఉంది.

"ఎన్ని రీళ్లు తీసింది?"

"నాలుగు. మొదటి మూడూ నీ దగ్గరికే పంపాను. గుర్తు లేదూ? 'ఎవడయ్యా పాలగిన్నెకి ఫొటోలు తీసేది' అని చీటీ రాసి అచ్చులు మటుకు పంపావు."

యావోకు గుర్తుంది. ముప్పై ఆరు నెగటివ్‌లు. ఒక్కదానిలోనూ పొగమంచు తప్ప ఏమీ లేదు. ఆ చీటీ రాసి, కౌంటర్‌లో వాళ్లందరికీ చదివి వినిపించి నవ్వించాడు కూడా. ఇప్పుడు ఆ మూడు రీళ్లూ వరసగా కళ్ల ముందు నిలిచాయి. మొదటిదంతా మంచే. రెండోదాంట్లో ఒక మూల బూడిదరంగు మరక. మూడోదాని చివర్లో ఆ మరకకి ఒక అంచు ఏర్పడింది. చెట్టు కొస లాంటిది.

"మూడు రీళ్లు పాడుచేసిన మనిషి నాలుగోదాంట్లో ఇంత బొమ్మ తీస్తుందా?" అన్నాడు పైకి.

"నా మొదటి మూకుడు టోఫు కుక్కలు కూడా ముట్టలేదు," అన్నాడు లూ, పళ్లెం అతని ముందుకి తోస్తూ. "తిని చెప్పు."

యావో తిన్నాడు. బాగుంది. ఆ మాట మాత్రం అనలేదు.

రెండో రోజు కొండంతా మబ్బులో మునిగిపోయింది. పది అడుగుల అవతల మనిషి ఉన్నాడంటే దగ్గు వినిపిస్తేనే తెలుస్తుంది. యావో చీపురు చప్పుడు పట్టుకుని జిన్‌మే వెనకాల నడిచాడు. అడుగుల చప్పుడు కాకుండా మెట్ల అంచున నడిచాడు. యాభై ఏడేళ్ల మనిషిని, మెట్లు ఊడ్చే ఆడమనిషి వెనక దొంగలా నడుస్తున్నానేమిటని ఒకసారి అనిపించింది. అనిపించినా ఆగలేదు.

ఉన్నట్టుండి చీపురు చప్పుడు ఆగిపోయింది. ఇనప గొలుసుల కంచె దగ్గర జిన్‌మే సంచిలోంచి తాడు తీసింది. ఒక కొస స్తంభానికి కట్టి, రెండో కొస నడుముకి చుట్టుకుంది. అటూ ఇటూ చూసింది. యావో రాతి వెనక్కి తగ్గాడు. మళ్లీ తొంగి చూసేసరికి ఆమె కంచెకి అవతల ఉంది. మరుక్షణం లేదు. తాడొక్కటే బిగుసుకుని మబ్బులోకి దిగి ఉంది.

అక్కడ ఏం దాచింది? ఎవరినైనా కలుస్తోందా? యాత్రికుల సామాన్లు అక్కడ పెట్టుకుంటుందా? యావో గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. ఇరవై నిమిషాలకి తాడు కదిలింది. ముందు బుట్ట పైకి వచ్చింది. అందులో నారింజ తొక్కలు, సోడా సీసాలు, నూనె మరకల కాగితాలు, ఒక ఆడవాళ్ల చెప్పు. తర్వాత ఆమె వచ్చింది. మోకాళ్ల మీద పాకుతూ లేచి, అరచేతులు కోటుకి రాసుకుంది.

"రెండో చెప్పు మటుకు ఎప్పుడూ పడెయ్యరండీ," అంది రాతి వైపు చూడకుండానే. "మాస్టారూ, అక్కడ చలిగాలి. ఇవతలికి రండి."

యావో రాతి వెనకనుంచి వచ్చాడు. "ఊరికే నడుస్తున్నాను."

"నడవండి. కొండ పెద్దదే."

"మబ్బు ఇలాగే ఉంటే రేపు నేను దిగిపోవాలి. చోటు చూపించలేదనే రాయాల్సి వస్తుంది."

"రేపు తెరుస్తుంది," అంది జిన్‌మే తాడు చుట్టుకుంటూ.

"నీకెలా తెలుసు?"

ఆమె నోటికి మాటలు వెతుక్కుంది. ఇంతవరకూ ఎవరూ ఆ ప్రశ్న అడిగినట్టు లేదు. "రాయి చెమట పట్టడం మానేసింది," అంది చివరికి.

మర్నాడు తెల్లారి, వంటింట్లో గంజి కుండ దించే వేళకి ఆమె తలుపు తట్టింది. "రండి మాస్టారూ. బూట్ల తాళ్లు గట్టిగా కట్టుకోండి."

గొలుసుల కంచె దగ్గరే ఆగింది. తాడు తీసింది. యావో ఆమెనీ లోయనీ మార్చి మార్చి చూశాడు.

"ఇక్కడా?"

"కింద ఒక గట్టుంది. రెండు నిలువుల లోతు. గాలికి చెత్తంతా వచ్చి అక్కడే పడుతుంది. వారానికి రెండుసార్లు దిగుతాను." తాడు అతని నడుముకి చుట్టి ముడి వేసింది. మోకాలు ఆనించి బిగించింది. "మొహం రాతి వైపు పెట్టండి. కిందికి చూడొద్దు. కాళ్లు తడుముకుంటాయి, వాటికే తెలుస్తుంది."

తాడు ఆమె వీపు మీదుగా, చంక కిందుగా కొంచెం కొంచెంగా వదులుతుంటే రాతిని కావలించుకుని దిగాడు. అరచేయి గీసుకుపోయింది. కాలికి గట్టు తగిలింది. రెండు చాపలు పరిచినంత చోటు. కాళ్ల దగ్గర ఒక నారింజ తొక్క, అట్టపెట్టె మూత ఉన్నాయి. మెల్లగా ఇటు తిరిగాడు.

ఎడమవైపు నల్లటి రాతి భుజం. దాని కొస మీద దేవదారు. కింద లోయనిండా పొగమంచు పైకి లేస్తూ, ఒక అంచు చెట్టు మొదలు దాకా వచ్చి ఆగింది. ఆగినచోట రెండుగా చీలింది. మధ్యలోంచి శిఖరం బయటపడింది. సంచిలోంచి ఫొటో తీసి పోల్చక్కర్లేకపోయింది. అదే ఇది.

తర్వాత ఇంకొకటి తెలిసింది. అది కొంగమెడ శిఖరం. తను వందసార్లు తీసిన శిఖరం. అతిథిగృహం గోడ మీద ఉన్నదీ, వరసలో తర్వాతి స్థానంలో ఉన్నదీ అదే. దాని వీపు ఇలా ఉంటుందని అతనికి తెలియదు. తను ఎప్పుడూ యాత్రికులు నిలబడే పై అరుగు మీదే, వాళ్లు నారింజలు ఒలుచుకునే చోటే నిలబడ్డాడు. కెమెరా మెడలో వేలాడుతోంది. దాని మీదికి చెయ్యి పోలేదు.

"కనపడిందా మాస్టారూ?" పైనుంచి గొంతు వచ్చింది.

"కనపడింది."

"చెట్టు మొదలు మునిగాక పది ఊపిర్లు ఆగాలి. అప్పుడు తీస్తే సరిపోతుంది. నాకు మూడు రీళ్లు పట్టింది అది తెలియడానికి."

యావో చెట్టు మొదలు వైపు చూస్తూ ఊపిర్లు లెక్కపెట్టాడు.

"మాస్టారూ."

"ఊఁ."

"ఆ ఉత్తరం మీరే రాశారు కదా?"

తాడు నడుము దగ్గర బిగుతుగా ఉంది. పైన ఆమె కనిపించడం లేదు. రాతి అంచూ, దాని మీదుగా దిగిన తాడూ, తెల్లటి ఆకాశం మాత్రం కనిపిస్తున్నాయి. లోయలోని మంచు చల్లగా అతని చీలమండల్ని తాకుతోంది.

"నెగటివ్ మీద గీత ఉందని రాశారు," అంది ఆ గొంతు. హెచ్చలేదు, తగ్గలేదు. "ఆ నెగటివ్ నేను చూడలేదు. లూ అన్న చూడలేదు. ఫాంగు గారి దగ్గరికి పోయింది పెద్ద ఫొటో ఒక్కటే. అందుకే రెండోసారి చదవమన్నా. సరిగ్గా విన్నానో లేదో అని."

యావో రాతి మీద చెయ్యి పెట్టాడు. అది పొడిగా ఉంది. అబద్ధం ఏదైనా చెప్పొచ్చు. ఒకటి రెండు నోటిదాకా వచ్చాయి కూడా. అవి తాడు పట్టుకున్న మనిషికి చెప్పలేకపోతున్నాడో, ఆ శిఖరం ముందు నిలబడి చెప్పలేకపోతున్నాడో అతనికే తెలియలేదు.

"నేనే రాశాను," అన్నాడు.

పైనుంచి ఆమె తాడు లాగింది.

"కుడికాలు పైకి పెట్టండి. అక్కడ గుంట ఉంటుంది. ఆఁ. ఇప్పుడు ఎడమది."

పైకి వచ్చి కూలబడ్డాక జిన్‌మే అతని నడుము దగ్గర వంగి ముడి విప్పింది. తడి తాడు ముడి బిగుసుకుపోయింది. పళ్లతో పట్టి లాగింది. ఆమె అరచేతుల్లో తాడు రాసుకున్న గీతలు ఎర్రగా ఉన్నాయి.

"ఎవరికీ ఎందుకు చెప్పలేదు?" అన్నాడు యావో.

"ఏమని చెప్పాలి? మీరు మాస్టారు. నేను చీపురుదాన్ని." తాడు చుట్టడం మొదలుపెట్టింది. "చోటు చూపించాను. మీ పుస్తకంలో అదొక్కటీ రాసుకోండి. మిగతాది మీ ఇష్టం."

ఆమె బుట్ట వీపుకి తగిలించుకుని మెట్లు దిగిపోయింది. యావో చాలాసేపు అక్కడే కూర్చున్నాడు. యాత్రికుల మొదటి గుంపు వచ్చి, ఫొటో తీసిపెట్టమని అతని చేతికి కెమెరా ఇచ్చింది. తీసిపెట్టాడు.

నివేదిక ఒక్క పేజీ. ఫాంగ్ నిలబడే చదివి, చివరికి వచ్చేసరికి కుర్చీలో కూర్చున్నాడు.

"మతి పోయిందా నీకు? చోటు నిజమే, ఫొటో ఆమెదే. అక్కడితో ఆపొచ్చుగా. ఇదెందుకు కింద?"

"అక్కడితో ఆపితే మీరు ప్రదర్శనవాళ్లకి ఏం రాస్తారు?"

"ఫిర్యాదు వచ్చింది, రుజువు కాలేదు అని రాస్తా."

"ఫిర్యాదు ఉన్న బొమ్మని వాళ్లు గోడకి పెడతారా?"

పెట్టరని ఇద్దరికీ తెలుసు.

"పేరు లేని ఉత్తరానికి పేరు పెట్టాను, అంతే," అన్నాడు యావో. "ఇప్పుడది ఫిర్యాదు కాదు. అబద్ధం."

ఫాంగ్ ఆ కాగితాన్ని వెలుతురుకి పట్టుకుని చూశాడు, ఇందులోనూ ఏదైనా మోసం ఉందేమోనన్నట్టు. "ఎంత లేదన్నా పాతికేళ్లుగా నిన్నెరుగుదును," అన్నాడు. "ఎడమచేత్తో కూడా రాయగలవని తెలియదు."

డార్క్‌రూమ్ తాళాలు ఆ వారమే వేరే చేతికి వెళ్లాయి. పక్క ఊరి స్టూడియోనుంచి వాంగ్ అనే ఆవిడ వచ్చింది. యావోను ముందు గదిలోకి మార్చారు. గుర్తింపు కార్డుల ఫొటోలు తీయడం, రసీదులు రాయడం అతని పని. ఊళ్లో కొందరు నమస్కారం మానేశారు. కౌంటర్‌లో అమ్మాయిలు అతను రాగానే మాట మార్చేవారు. అతని పేరు కనబడితే చాలు, రసీదు మీది అక్షరాల్ని జనం ఒకటికి రెండుసార్లు చూసుకునేవారు.

డిసెంబరు మొదట్లో ఒక పొద్దున జిన్‌మే వచ్చింది. జుట్టు తడిపి దువ్వుకుంది. కొత్త కోటు. ఎవరిదో అరువు కోటులా ఉంది, భుజాలు జారుతున్నాయి.

"ప్రదర్శనలో ఫొటో కింద, తీసినవాళ్ల ఫొటో కూడా పెడతారట," అంది కౌంటర్‌లో అమ్మాయితో. "మాస్టారు కాక ఇంకెవరూ లేరా తీసేవాళ్లు?"

"లేరు."

ఆమె ఒక్క క్షణం తలుపు వైపు చూసింది. తర్వాత వెళ్లి స్టూలు మీద కూర్చుంది. యావో దీపాలు వేశాడు. కెమెరా వెనక నల్లగుడ్డలోకి తల దూర్చాడు. గాజు మీద ఆమె మొహం తలకిందులుగా, చెక్కినట్టుగా వచ్చింది. కళ్లు అతని చేతి మీదే ఉన్నాయి.

"గడ్డం కొంచెం పైకి."

ఎత్తలేదు. "ఎందుకు?"

"మెడ కింద నీడ పడుతోంది."

ఆమె అద్దం కోసం చుట్టూ చూసింది. లేదు. అప్పుడు గడ్డం ఎత్తింది, అరంగుళం.

నొక్కాక ఆమె వెళ్లలేదు. నెగటివ్ కడిగి ఆరేదాకా బెంచీ మీద కూర్చుంటానంది. రెండు గంటలు కూర్చుంది. వాంగ్ తెచ్చి ఇచ్చిన నెగటివ్‌ని యావో అంచులు పట్టుకుని ఆమెకి అందించాడు. జిన్‌మే కిటికీ దగ్గరికి వెళ్లి దాన్ని వెలుతురులో పట్టుకుంది. మొట్టమొదటిసారి ఒక నెగటివ్ చూస్తున్న మనిషి చూసినట్టే చూసింది. ముక్కు ఆనేంత దగ్గరగా పెట్టుకుని నాలుగు అంచులూ వెతికింది.

"మొహం నల్లగా, జుట్టు ముసలమ్మలాగా ఉంది."

"అచ్చు వేస్తే తిరగబడుతుంది."

"ఎవరు వేస్తారు?"

"వాంగ్ గారు. నేనిప్పుడు లోపలికి వెళ్లడం లేదు."

జిన్‌మే నెగటివ్‌ని ఇంకాసేపు వెలుతురులో తిప్పింది. వీధిలో కావళ్లవాళ్లు కొండ వైపు కేకలేసుకుంటూ పోతున్నారు.

"కొండ ఫొటో ఎవరు అచ్చు వేశారు?" అంది.

"నేను."

"అందులో మంచు మీదున్న చోట మీరేమైనా చేశారా?"

"కొద్దిగా. వెలుతురు పడకుండా చెయ్యి అడ్డు పెట్టాను, లెక్కపెట్టి. లేకపోతే శిఖరం అడుగు నల్లబడిపోయేది."

"ఎంత లెక్క?"

"పదకొండు."

ఆమె ఆ అంకెని మనసులో అటూ ఇటూ తిప్పి చూసుకుంది. నెగటివ్ తీసుకొచ్చి బల్ల మీద, అతని చేతికి దగ్గరగా పెట్టింది. ఇంకా దాని మీదనుంచి వేలు తీయలేదు.

"ఇది మీరే వెయ్యండి," అంది. "నేను పక్కనే నిలబడతాను."

యావో లేచి వెళ్లి డార్క్‌రూమ్ తలుపు తట్టి, లోపలున్నావిడని అనుమతి అడిగాడు.